నల్ల సిరా కింద నాలుగు వరుసలు

పెర్కిట్‌లో ఆటో దిగి సాలోమోను ఇంటి సందులోకి తిరిగే ప్రతిసారీ మహిధర్ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఖాళీ చేతులతో ఆ గడప తొక్కడం అతనికి చేతకాదు. ఈసారి అరటిపళ్లు తెచ్చాడు. సందు మొదట్లో ఆగి, పళ్ల సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, మళ్లీ నడిచాడు.

యాకోబు పోయి వచ్చే నెలకు ఏడాది. మహిధర్, యాకోబు ఆర్మూరు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. తెల్లవారకముందే హైవే పక్కన పరుగులు తీసి, ఒకే భర్తీలో సైన్యంలో చేరినవాళ్లు. మహిధర్ తండ్రి శ్రీపతికి పసుపు మార్కెట్టులో అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పసుపు అక్కడ దిగుతుంది, తూకం అవుతుంది, అమ్ముడవుతుంది. యాకోబు తండ్రి సాలోమోను ఆ దుకాణంలోనే హమాలీ. శ్రీపతి తూకం వేయించిన బస్తాను సాలోమోను వీపు మీద వేసుకుని లారీకి ఎక్కిస్తాడు. ఆ తేడా బడిలో ఇద్దరి మధ్యకు రాలేదు. పటాలంలో అసలే రాలేదు.

యాకోబు భార్య స్వర్ణ వాకిట్లో గోడ నీడన కూర్చుని బీడీలు చుడుతోంది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ మూలన పొగాకు. మహిధర్‌ను చూసి కొంగు సర్దుకుంది గాని చేతులు ఆపలేదు.

"రా అన్నా. అత్త మేకను తోలుకపోయింది. మామ మీ దుకాణంలనే ఉన్నడు. కూసో."

"నేను ఊకెనే వచ్చిన చెల్లె. సుట్టి మీద వచ్చిన గద, ఓసారి చూసిపోదామని."

"నువ్వు వస్తవనే చూస్తున్న." ఆమె చుట్టిన బీడీకి దారం వేసి చాటలో పెట్టింది. "పోయినసారి వచ్చినప్పుడే అడుగుదామనుకున్న. ఇంటినిండ మందున్నరు. నోరు రాలే."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఏం తేబోతోందో మహిధర్‌కు తెలుసు. పోయినసారి శవపేటిక వెంట వచ్చినప్పుడే ఆమె చూపులో అది కనిపించింది. అప్పుడు పటాలం పనులు చెప్పుకుని తప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ వాకిట్లో చెప్పుకోవడానికి ఏ పనీ లేదు.

ఆమె తెచ్చింది యాకోబు రాసిన ఒక ఉత్తరం. మడతల దగ్గర చిరుగుతోంది. మధ్యలో నాలుగు వరుసల మీద మందంగా నల్ల సిరా పూసి ఉంది.

"ఎండకు పెట్టి చూసిన. టార్చి పెట్టి చూసిన. మోర్తాడ్ల మా చిన్నమ్మ కొడుకు ఫోన్ల ఫొటో తీసి తెల్లగ చేసి చూసిండు. ఒక్క అక్షరం కండ్లవడలే." ఆమె ఉత్తరాన్ని అతనికి ఇవ్వకుండా తన చేతిలోనే పట్టుకుంది. "దీని తర్వాత వచ్చిన ఉత్తరాలన్ని రెండు రెండు ముక్కలే. నేను మంచిగున్న. మేక మంచిగున్నదా. గంతే. నేనేమన్న తప్పు రాసిన్నా, ఆయనకు నా మీద కోపమొచ్చిందా అని ఏడాది సంది ఇదే రంది. నువ్వు ఆయన పక్కన్నే ఉంటివి గద. గీ నాలుగు వరుసల్ల ఏమున్నదో నీకెరుకేనా అన్నా?"

ఎరుకలేదు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆ ముఖానికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్లాలనిపించింది, అరటిపళ్లు ఇచ్చినట్టే.

"ఎరుకే," అన్నాడు. "నాకు చదివి చూపెట్టిండు. 'నేను ఏడ ఉన్నా నా పానమంత నీ దగ్గర్నే ఉంటది, నువ్వు ధైర్నంగ ఉండు' అని రాసిండు."

స్వర్ణ ఉత్తరాన్ని పాత మడతల వెంబడే మడిచింది. తర్వాత చిన్నగా నవ్వింది.

"ఆయన గట్ల రాసేటోడేనా. పెండ్లైన కొత్తల గూడ మేక ఈనిందా అనే అడిగేటోడు." నవ్వు ఆగింది. "గంత మంచి మాటను నల్లగ ఎందుకు చేసిండ్రన్నా?"

"ఆ మాట పక్కన్నే ఊరి పేరు రాసిండు. ఏడ ఉన్నమో రాయద్దు. అందుకని మొత్తం కొట్టేసిండ్రు."

"ఎవరు?"

"ఆఫీసర్."

"ఆఫీసర్లకు తెలుగొస్తదా?"

మహిధర్ నీళ్లు అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి చెంబు తెచ్చేలోగా లేచి నిలబడ్డాడు. నీళ్లు తాగి, పని ఉందని చెప్పి, సందు దాటి రోడ్డెక్కాడు.

ఆఫీసర్‌కు తెలుగు రాదు. ఆ కథంతా అక్కడే మొదలయింది.

పోయిన ఎండాకాలం సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు వాళ్ల కంపెనీని ముందు వరుస బంకర్లకు పంపారు. ఫోన్లన్నీ జమ చేసుకున్నారు. ఇంటికి ఉత్తరం రాసుకోవచ్చు, కాని కవరు అంటించకుండా ఇవ్వాలి. ఇంటి నుంచి వచ్చేవి కూడా విప్పి చదివాకే చేతికిస్తారు. కంపెనీ కమాండరు ఉత్తరాది మనిషి. హిందీ ఉత్తరాలు ఆయనే చూసేవాడు. కంపెనీలో తెలుగువాళ్లు కొద్దిమందే. వాళ్ల ఉత్తరాలు చదవడానికి ఆయన మహిధర్‌ను పిలిచాడు. డిగ్రీ చదివినవాడు, నెమ్మదస్తుడు, నాయక్ ర్యాంకు వచ్చినవాడు. ఒక నల్ల మార్కరు చేతికిచ్చి, ఊరి పేర్లు, దాడుల సంగతులు, ఆయుధాల సంగతులు కనిపిస్తే కొట్టేయమన్నాడు. మిగతాదాని జోలికి పోవద్దని కూడా చెప్పాడు.

మొదట్లో యాకోబు నవ్వాడు.

"మీ నాయన మార్కెట్ల పసుపు తూస్తడు, నువ్వు గీడ ఉత్తరాలు తూస్తున్నవ్. తరుగు తియ్యకు మహీ, ఉన్నదున్నట్టు పంపు."

మహిధర్ కూడా నవ్వాడు. కాని చదువుతూ పోయే కొద్దీ నవ్వు తగ్గింది. ఒక కుర్రాడు తల్లికి అప్పుల సంగతి రాసేవాడు. ఇంకొకడు భార్య ఎవరితో మాట్లాడుతోందో అని అనుమానంగా రాసేవాడు. అవన్నీ చదివి, పక్కన సంతకం పెట్టి, సాయంత్రం వాళ్లతోనే కూర్చుని రొట్టె తినాలి. అతను వస్తుంటే మాటలు ఆగేవి. "సెన్సార్ సాబ్ వచ్చిండు, గప్‌చుప్," అని ఒకడు అనేవాడు. అది హాస్యానికే అన్నా, ఎవరూ నవ్వేవారు కాదు. యాకోబు ఉత్తరాలు చదవడమే అన్నిటికన్నా కష్టం. స్వర్ణ రాసినవి ఇంకా కష్టం. అతనితో ఎన్నడూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి భర్తకు ఒక్కడికే అని రాసుకున్న మాటలు ముందుగా అతని కళ్లలో పడేవి. వేగంగా చదివేవాడు. వేగంగా చదివినా గుర్తుండిపోయేవి.

తర్వాత ఆ రాత్రి. ఫిరంగి గుండ్లు దగ్గరగా పడి, బంకర్ల మధ్య ఫోను తీగ తెగిపోయింది. వెళ్లి తీగ కలపాల్సిన వంతు మహిధర్‌ది. లేచాడు, టార్చి తీసుకున్నాడు, బంకరు గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. భయం ఎలా ఉంటుందో అతనికి అంతకు ముందే తెలుసు, అందరికీ తెలుసు. ఇది అలా లేదు. కాళ్లు తనవి కానట్టు ఉన్నాయి. యాకోబు వెనక నుంచి వచ్చి టార్చి తీసుకుని, ఏమీ అనకుండా బయటికి వెళ్లాడు. ఎంతసేపటికో తిరిగొచ్చాడు. మోచేతులు చీరుకుపోయాయి.

"చాయ్ ఉన్నదా?" అన్నాడు. అంతే అన్నాడు.

పొద్దున్న సుబేదారుకు లైను బాగయిందని చెప్పినప్పుడు ఎవరు వెళ్లారని ఆయన అడగలేదు. యాకోబు చెప్పలేదు. మహిధర్ కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి మహిధర్ యాకోబు ముఖం చూడలేకపోయాడు. పక్కపక్కనే పడుకున్నా అటు తిరిగి పడుకునేవాడు.

ఆ తర్వాత యాకోబు రాసిన ఉత్తరం మహిధర్ చేతికి వచ్చింది. మేక సంగతి అడిగాడు. తల్లి ఆశమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అడిగాడు. మధ్యలో ఈ నాలుగు వరుసలు రాశాడు. మహిధర్ వాటిని మూడుసార్లు చదివాడు. మార్కరు మూత తీశాడు.

రాత్రి అన్న మాట ఉంది కనుక దాడి సంగతి తెలుస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజమే అయితే ఒక్క మాట కొట్టేస్తే చాలు. అతను నాలుగు వరుసలూ కొట్టేశాడు. ఒకసారి పూసి, ఆరాక మళ్లీ పూశాడు. ఉత్తరం పెర్కిట్‌కు వెళ్తుంది. పెర్కిట్ నుంచి సాలోమోను నోట అడ్తి దుకాణానికి, అక్కడి నుంచి మార్కెట్టంతటికీ వెళ్తుంది. అతనికి కనిపించింది ఫిరంగి కాదు, మార్కెట్టు.

స్వర్ణ జవాబు వచ్చింది. 'నడుమ నల్లగ చేసిండ్రు, ఏం రాసినవ్' అని అడిగింది. అది కూడా మహిధరే ముందు చదివాడు. దాచేద్దామనుకున్నాడు. దాచలేక ఇచ్చేశాడు. యాకోబు ఇసుక బస్తా మీద కూర్చుని ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలెత్తి మహిధర్ వంక చూశాడు.

"మార్కర్ల సిరా ఇంక అయిపోలేదా?" అన్నాడు.

యాకోబు అతనితో అన్న ఆఖరు మాట అది. ఆ తర్వాత ఇంటికి కూడా రెండు ముక్కలకు మించి రాయలేదు. కాల్పులు ఆగాయి. కిందికి దిగే రోజున రెండు బండ్లు వచ్చాయి. మహిధర్ మొదటి బండిలో ఎక్కి పక్కన చోటు ఉంచాడు. యాకోబు ఆ చోటు చూసి, వెళ్లి రెండో బండి ఎక్కాడు. మలుపు దగ్గర రోడ్డు అంచు విరిగి లోయలో పడింది ఆ రెండో బండే.

స్వర్ణను కలిసిన మూడు రోజులకు మహిధర్ తండ్రికి అన్నం డబ్బా తీసుకుని మార్కెట్టుకు వెళ్లాడు. పసుపు సీజను చివరికొచ్చింది. యార్డులో కుప్పలు పలచబడ్డాయి గాని గాలిలో పసుపు పొడి ఇంకా తేలుతోంది. హమాలీల బనియన్లు, కనుబొమలు, చెవుల వెనక అంతా పసుపే. పక్క దుకాణం గంగాదాస్ అతన్ని చూసి పిలిచాడు.

"రావయ్యా జవాను. మీ నాయన దినాం నీ ముచ్చట్లే చెప్తుండు. నీ బంకరు ముచ్చట ఇనీ ఇనీ మాకు గూడ తుపాకి పట్టుడొచ్చింది."

"గంగాదాస్‌కు తుపాకి ఇస్తే ముందుగాల గది తూకానికి పెడ్తడు," అని శ్రీపతి లోపలి నుంచి అన్నాడు. హమాలీలు నవ్వారు. సాలోమోను మాత్రం బస్తా దించి, మెడ మీది తువాలుతో ముఖం తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"చిన్న సేటు, నీ రుణం తీర్చుకోలేం మేము," అన్నాడు.

"ఏంది కాకా?"

"మా కోడలికి గా మాట చెప్పినవట గద. నల్లగ చేసిన మాట. ఏడాది సంది సరిగ కూడు తినలే పిల్ల. గా దినం తిన్నది." తువాలు మళ్లీ మెడ మీద వేసుకున్నాడు. "మా పాస్టరయ్యకు చెప్తే, సమాధి రాయి మీద గదే రాపియ్యండ్రి, గంతకన్న మంచి మాట ఏమున్నదన్నడు. రాళ్లు చెక్కే హన్మయ్యకు చెప్పొచ్చినం. ఏడాది ప్రార్థన నాటికి రాయి పెడ్తం."

మహిధర్ అన్నం డబ్బా బల్ల మీద పెట్టాడు. పెట్టిన తర్వాత కూడా దాని పట్టీని వదల్లేదు.

"రాయి మనదే," అన్నాడు శ్రీపతి. "నల్ల గ్రానైటు. సాలోమోను వద్దంటుండు గని నేనే ఇన్లే. మన ఇంట్ల పెరిగినట్టు పెరిగిండు పోరడు. కింద మన పేర్లు గూడ పెట్టుమన్న. సమర్పణ, శ్రీపతి, కుమారుడు నాయక్ మహిధర్ అని. తోటి సిపాయివి. నీ పేరు ఉండాలె."

గుడిలో బండ వేయించినా, శ్మశానంలో షెడ్డు కట్టించినా ఇచ్చినవాడి పేరు చెక్కించడం ఈ ఊరి పద్ధతి. మహిధర్ చిన్నప్పుడు ఆ పేర్లు చదువుకుంటూనే అక్షరాలు దిద్దాడు. ఆ పేర్లు ఎన్నటికీ పోవని తాత చెప్పేవాడు.

"పేర్లు ఎందుకు నాయినా," అన్నాడు.

"ఎందుకేంది? తప్పు పనికా పెడ్తున్నం?"

సాలోమోను అతని చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నంత మేరా మహిధర్ చేతికి పసుపు అంటింది. ఇంటికి వెళ్లే దారిలో దాన్ని ప్యాంటుకు రుద్దుకున్నాడు. అది పోలేదు, ప్యాంటుకు కూడా అంటింది.

తల్లి తారాబాయి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "దినాం గింతే తింటున్నవ్, దవాఖానకు పోదామా?" అని అడిగింది. నిద్ర సరిగా లేదని చెప్పాడు. అది నిజమే.

మర్నాడు హన్మయ్య రాళ్ల దుకాణానికి వెళ్లాడు. హైవే పక్కన రేకుల షెడ్డు. నల్ల గ్రానైటు పలక రెండు ఇటుకల మీద పడుకోబెట్టి ఉంది. పైన శిలువ అప్పటికే చెక్కేశాడు. యాకోబు పేరు చెక్కేశాడు. దాని కింద పచ్చ రంగు పెన్సిలుతో గీసిన అక్షరాలు ఉన్నాయి. నేను ఎక్కడ ఉన్నా నా ప్రాణమంతా నీ దగ్గరే ఉంటుంది. పాస్టరు గారు మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దినట్టున్నారు. అందానికి రెండు పక్కలా రెండు పూలు గీశాడు హన్మయ్య. అట్టడుగున చిన్న అక్షరాల్లో శ్రీపతి పేరు, నాయక్ మహిధర్ పేరు.

మహిధర్ గొంతుక్కూర్చుని ఆ అక్షరాల వంక చూశాడు. యాకోబు ఎన్నడూ అనని మాట యాకోబు పేరు కింద ఉంది. దాని కింద తన పేరు ఉంది. ఉత్తరం మీద నల్ల సిరా పూసినప్పుడు కనీసం అది సిరా అని చూసినవాళ్లకు తెలిసింది. ఇది అలా కూడా తెలియదు. స్వర్ణ ప్రతి ఆదివారం వచ్చి దీని మీద పూలు పెట్టుకుంటుంది.

"అక్షరాలు మంచిగొచ్చినయా సార్?" హన్మయ్య ఉలి పదును చూస్తూ అడిగాడు. "మీ నాయన రెండుసార్లు ఫోన్ చేసిండు, పేర్లు జర పెద్దగ పెట్టుమని."

"గీ మాట చెక్కకు హన్మయ్యా. కింది పేర్లు గూడ."

"ఏమైంది, తప్పులున్నయా?"

"తప్పుల్లేవు. చెక్కకు. గంతే."

హన్మయ్య ఉలి పక్కన పెట్టాడు. "నువ్వు గట్లంటే ఎట్ల సార్. రాయి మీ నాయనది, సమాధి ఆళ్లది. రాసుమని చెప్పింది ఆ పిల్ల. ఆ పిల్లనో, సాలోమోనో వచ్చి వద్దంటే ఇప్పుడే తుడుస్త. పెన్సిలు గీతనే, బట్ట పెడ్తే పోతది. మల్ల రేపు పొద్దుగాల మొదలు పెడ్త, గంతలోపట చెప్పుండ్రి."

రేపు పొద్దున తన సెలవు కూడా అయిపోతే బాగుండునని మహిధర్ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు అతనికి తన మీదే రోత పుట్టింది. బంకరు గుమ్మం దగ్గర ఆగిపోయిన కాళ్లు ఇప్పుడు కూడా అలాగే ఉన్నాయి. అప్పుడు వెనక నుంచి వచ్చి టార్చి తీసుకుపోవడానికి ఒకడున్నాడు.

హన్మయ్య షెడ్డు నుంచి పెర్కిట్ దూరం కాదు. నడిచే వెళ్లాడు. దారిలో పళ్ల బండి కనిపించింది. ఆగాడు. కొనకుండానే కదిలాడు.

స్వర్ణ అదే చోట కూర్చుని ఉంది. ఆశమ్మ మేకకు కుడితి పెడుతూ, "రా కొడుకా, కూసో," అని పీట జరిపింది. మహిధర్ కూర్చోలేదు.

"పెద్దమ్మా, చెల్లెతోటి ఓ మాట చెప్పేదున్నది."

ఆశమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మేకను విప్పుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది.

"నేను చెప్పిన మాట అబద్ధం," అన్నాడు. "యాకోబు గట్ల రాయలే. రాయి మీద అది పెట్టకుండ్రి."

స్వర్ణ చేతిలో ఆకు సగం చుట్టి ఉంది. అలాగే పట్టుకుంది.

"ఇంకోటి. ఆఫీసర్ గూడ అబద్ధమే. తెలుగు ఉత్తరాలు చదివింది నేను. నల్లగ చేసింది నేను. ఊరి పేరేం లేదు అండ్ల."

ఆమె మొదట కొంగు తీసి భుజం చుట్టూ నిండుగా కప్పుకుంది. తర్వాత అడిగింది.

"నేను రాసినయి గూడ నువ్వే చదివినవా?"

"చదివిన."

"అన్ని?"

"అన్ని."

ఆమె తల వంచుకుంది. చెంపలు, చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేసింది తనైతే సిగ్గుపడుతున్నది ఆమె. అది చూడలేక మహిధర్ చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. ఇన్నాళ్లూ అదే పని చేస్తూ వచ్చాడు.

"మరి ఏం రాసిండు?" అంది స్వర్ణ తలెత్తకుండానే. "ఇప్పుడన్న నిజం చెప్పు."

అతను చేతులు రెండూ కిందికి వదిలేసి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లవాడిలా నిలబడ్డాడు. ఆ నాలుగు వరుసలను అతను ఏడాదిగా రోజూ చదువుకుంటూనే ఉన్నాడు. ఎక్కడా ఆగాల్సిన పని లేదు.

"'రాత్రి తీగ తెగితే మహిధర్ బయటకు రాలే, వాని వంతు నేను పోయిన. వాడు పిరికోడు గాదు, అందరి బాధలు చదివి చదివి వాని దిల్ ఖరాబైంది. ఈ ముచ్చట బాపుకు గూడ చెప్పకు, సేటు దుకాణంల వాని ఇజ్జత్ పోతది. వాడు ఇది చదువుతడని నాకెరుకే, చదివినంకనన్న నా దిక్కు చూస్తడేమో.'"

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది.

"చూసినవా?" అంది స్వర్ణ.

"ఏంది?"

"ఆయన దిక్కు. చూసినవా?"

"లేదు," అన్నాడు మహిధర్. "కొట్టేసిన. నువ్వు ఏం రాసినవని అడిగినంక ఆయనకు సమజైంది. ఇగ నాతోటి మాట్లాడలే. దిగే దినం నా బండి ఎక్కలే."

చివరి మాట చెప్పాలని అతను అనుకుని రాలేదు. వచ్చేసింది. ఆమె దాన్ని విన్నది, అర్థం చేసుకున్నది. ఆమె ముఖంలో ఏదో గట్టిపడింది. అది మెత్తబడుతుందని అతను ఎదురుచూడలేదు, మెత్తబడలేదు కూడా.

"అంటే నా మీద కోపం గాదు," అంది చివరికి.

"నీ మీద ఎన్నడు లేదు చెల్లె."

"నన్ను చెల్లె అనకు."

"సరే."

ఆమె సగం చుట్టిన ఆకును విప్పి, పొగాకు చాటలో పోసి, మళ్లీ మొదటి నుంచి చుట్టింది. దారం వేసింది. ఇంకొకటి చుట్టింది.

"మల్ల చెప్పు."

మహిధర్ మళ్లీ చెప్పాడు. రాత్రి తీగ తెగితే మహిధర్ బయటకు రాలే. అక్కడ ఆగకుండా చివరి దాకా చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. "దిల్ ఖరాబైంది" అన్న చోట పెదవులు కదిపింది.

"గిది ఆయన మాటే," అంది. "రేడియో చెడిపోయినా దిల్ ఖరాబైందనే అనేటోడు. ఇంకోసారి చెప్పు."

అతను మూడోసారి చెప్పాడు. ఆమెకు అది పోయిన మనిషి గొంతు. అతనికి మాత్రం ప్రతిసారీ మొదటి వరుస తన పేరుతోనే మొదలయింది.

మూడోసారి పూర్తయ్యేసరికి సందులో చెప్పుల చప్పుడు వినిపించింది. సాలోమోను పని నుంచి వస్తున్నాడు. స్వర్ణ కళ్లు తుడుచుకుని లేచింది.

"హన్మయ్యకు నేనే చెప్తా," అంది తగ్గు గొంతుతో. "గా మాట వద్దు, మీ పేర్లు వద్దు, మీ రాయి వద్దు. చిన్న రాయైనా మాది మేం పెట్టుకుంటం. మామ ఎందుకని అడుగుతడు. ఆయన బాపుకు చెప్పద్దని రాసిండు. నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

ఆమె చాట తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు దగ్గరికి వేసింది గాని పూర్తిగా మూయలేదు.

సాలోమోను వాకిట్లోకి వచ్చాడు. కనుబొమల మీద, మెడ ముడతల్లో పసుపు పేరుకుని ఉంది. మహిధర్‌ను చూసి ముఖం విప్పారింది.

"ఎప్పుడొచ్చినవ్ చిన్న సేటు? నిలవడ్డవేంది? కూసో." మెడ మీది తువాలు తీసి పీట తుడిచాడు. పీట కూడా పసుపు పచ్చనయింది. "కోడలా, చిన్న సేటుకు చాయ్ పెట్టు."

లోపల నుంచి జవాబు రాలేదు.

"చాయ్ వద్దు కాకా," అన్నాడు మహిధర్. "ముందుగాల నేను చెప్పేది ఇను. ఇన్నంక నన్ను కూసోమంటవో లేదో నీ ఇష్టం." సాలోమోను కళ్లలోకి చూశాడు. "రాత్రి తీగ తెగితే మహిధర్ బయటకు రాలే."